ఇంకా లోపలే ఉన్నవాళ్ళు

మా వదిన ఏ క్లినిక్‌కి వెళ్ళినా మొదటి రోజు కంప్యూటర్ జోలికి పోదు. పేషెంట్లు కూర్చునే బెంచీ మీద, చేతిసంచీ ఒళ్ళో పెట్టుకొని, ఉదయం నుంచి తలుపులు మూసేదాకా కూర్చుంటుంది. డాక్టర్ ఎవరిని ఎలా పలకరిస్తున్నారు, కాంపౌండర్ ఏ కాగితం కోసం ఏ సొరుగు లాగుతున్నాడు, అన్నీ గమనిస్తుంది. పక్కన కూర్చున్నవాళ్ళు ఉండబట్టలేక "మీకేం బాధమ్మా?" అని అడిగితే, "నాకేం లేదు, ఈ క్లినిక్‌కే కాస్త నలతగా ఉందట, చూసిపోదామని వచ్చాను" అంటుంది.

రెండో రోజూ కంప్యూటర్ తియ్యదు. టేపు పెట్టి బల్ల కొలుస్తుంది. తెర చూడ్డానికి తిరిగితే డాక్టర్ వీపు పేషెంటుకి కనబడకూడదని ఆవిడ పట్టుదల. అందుకని బల్లను అటూ ఇటూ జరిపిస్తుంది. జరిపేది నేను, అంటే ఆవిడ మరిదిని. ఒకప్పుడు టీవీలు బాగుచేసేవాణ్ణి. పాడైన టీవీని బాగుచేయించడం మానేసి జనం కొత్తది కొనుక్కోవడం మొదలుపెట్టాక, వైర్లు లాగడానికీ, పెట్టెలు మొయ్యడానికీ, ఆవిణ్ణి నా పాత కారులో తిప్పడానికీ కుదురుకున్నాను. జన్మంతా తెరల వెనకవైపు చూసినవాణ్ణి, ముందువైపు ఏం జరుగుతుందో ఆవిడ పక్కన నిలబడే చూశాను.

అంతకుముందు ఆవిడ పెద్దాసుపత్రిలో చీటీలిచ్చే కిటికీ వెనక కూర్చునేది. కొత్త ఆరోగ్య చట్టం వచ్చింది. చిన్నా పెద్దా క్లినిక్కులన్నీ పేషెంట్ల వివరాలు కంప్యూటర్‌లోనే ఉంచాలనీ, వాటిని ఏ ఆసుపత్రి వాళ్ళైనా చూడగలగాలనీ అన్నారు. డాక్టర్లకు అది నేర్పడానికి మనుషులు కావాలన్నారు. "ఈ వయసులో నీకెందుకే?" అన్నాడు మా అన్నయ్య. "నేర్పాల్సిందీ ఈ వయసు వాళ్ళకే కదా" అని వెళ్ళి పేరిచ్చి వచ్చింది.

ఆవిడ తిరగని క్లినిక్ లేదు. కానీ ఇప్పుడు చెప్పేది, వీధి వీధంతా పెద్దమ్మ అని పిలిచే ముసలి డాక్టరమ్మ గారి రెండు గదుల క్లినిక్ సంగతి. వివరాలు సరిగ్గా ఉంచుతున్నారో లేదో చూసే ప్రభుత్వ తనిఖీలో నెగ్గకపోతే క్లినిక్ గుర్తింపు పోతుంది. గుర్తింపు పోతే ఆరోగ్య కార్డు ఉన్నవాళ్ళకి అక్కడ ఉచిత వైద్యం ఉండదు. పెద్దమ్మ దగ్గరికి వచ్చేవాళ్ళందరూ కార్డు వాళ్ళే. అంటే తలుపులకు తాళం పడ్డట్టే.

పాఠం మొదలైన రోజు పేషెంటు వేషం నాకే పడింది. మంచం మీద పడుకోమన్నారు, చొక్కా విప్పమన్నారు. లోపలి బనీనుకున్న కిటికీలు ఆ గదిలో ఉన్న అందరూ చూశారు.

"బాధేమిటి?" అంది పెద్దమ్మ, వేలు మీట మీద పెట్టుకొని.

నాకేం తోచలేదు. వదినే అందుకుంది. "గురక రాయండి. మా తోడికోడలు పొద్దున్నే కళ్ళు ఎర్రగా చేసుకొని లేస్తోంది."

పెద్దమ్మ ఒక్క వేలితో, ఒక్కో అక్షరాన్నీ వెతికి పట్టుకొని, గురక అని కొట్టింది. తర్వాత పాఠం సంగతి మర్చిపోయి నా మెడ నొక్కింది, కనురెప్ప కిందికి లాగింది. "నిద్రలో ఊపిరి ఆగినట్టవుతుందా?"

"నిద్రలో ఉంటాను కదండీ, నాకెలా తెలుస్తుంది?"

"అయితే మీ ఆవిణ్ణి అడిగి చెప్పండి. పక్కకి తిరిగి పడుకోండి."

నాటకమే కదా అని నేను అడగనూ లేదు, చెప్పనూ లేదు.

తనిఖీ దగ్గర పడ్డాక, అంతా సరిగ్గా ఉందో లేదో చూద్దామని మళ్ళీ వెళ్ళాం. వదిన తెర తెరిచి అలాగే ఉండిపోయింది. లోపలికి వచ్చిన ప్రతి పేషెంటుకీ ఆ తెర మీద ఒక ఆకుపచ్చ చుక్క వెలుగుతుంది. చూడటం అయ్యాక 'ముగించు' అని నొక్కితే ఆరిపోతుంది. అక్కడ చూస్తే తెరంతా పచ్చగా నాచు పట్టినట్టుంది. పైన 'ప్రస్తుతం క్లినిక్‌లో ఉన్నవారు' అన్నచోట రెండొందలు దాటిన అంకె. రద్దీ ఎక్కువగా ఉంది, అదనపు సిబ్బందిని పిలవండని కంప్యూటర్ బతిమాలుతోంది. కాంపౌండర్ తలుపు తీసి బయటి గదిలోకి తొంగిచూశాడు. బెంచీ మీద ఒక ముసలాయన చెవి గోక్కుంటూ కూర్చున్నాడు.

"ముగించు నొక్కడం మర్చిపోయారా అమ్మా?" అంది వదిన మెల్లగా.

"మర్చిపోలేదు. అది నొక్కితే కింద 'నయమైంది' అని పడుతోంది. మందు చీటీ రాసిచ్చి పంపిస్తే నయమైపోయినట్టా? వాళ్ళు వచ్చి తగ్గిందని చెప్పాలి కదా. తగ్గినవాళ్ళు చెప్పడానికి రారు. అందుకని అలాగే ఉంచాను."

ఆ సంగతి ఆలోచించిన డాక్టర్ మేం తిరిగిన ఇన్ని క్లినిక్కుల్లో ఒక్కరూ లేరు. అందరూ టకటకా నొక్కేస్తున్నారు. జబ్బులన్నీ తలుపు దాటేలోగా నయమైపోతున్నాయి.

నాకు తెర మూల ఒక మీట కనబడింది. "వదినా, ఇక్కడ 'అన్నీ ముగించు' అని ఉంది. ఒక్క నొక్కు."

ఇద్దరూ నా వైపు తిరిగారు. "అందర్నీ ఒకేసారి ముగించడానికి నువ్వేమన్నా యముడివా?" అంది వదిన. "రేపు ఇంకో ఆసుపత్రిలో ఇదే చూసి నయమైందనుకుంటారు. నయమైందో లేదో అడిగితే పోలా?"

"ఇంతమందినా?"

"ఫోన్లు ఉన్నాయిగా."

అలా మొదలైంది. వదిన నంబరు కలిపేది, పెద్దమ్మ మాట్లాడేది, కాంపౌండర్ పక్క ఫోనులో తర్వాతి మనిషిని పట్టుకునేవాడు. "ఏమయ్యా, మోకాలు ఎలా ఉంది? మెట్లెక్కుతున్నావా?" అటువైపు కంగారు. డాక్టర్ తనంతట తాను ఫోన్ చేసి ఎలా ఉన్నావని అడగడం వాళ్ళెక్కడా వినలేదు మరి. ఒకాయన తన రిపోర్టులో ఏదో ఘోరం బయటపడిందనుకొని ఏడ్చేశాడు. ఇంకొకామె, "తగ్గింది డాక్టరమ్మా, మరి ఇప్పుడు నేనేం చెయ్యాలి?" అంది. "ఏం చెయ్యకు, హాయిగా ఉండు" అంది పెద్దమ్మ. ఇంకా తగ్గనివాళ్ళని రప్పించి మళ్ళీ చూసేది, తగ్గిందన్నాకే ముగించేది.

ఒక ఇంట్లో కొడుకు ఎత్తాడు. అమ్మ పోయింది అన్నాడు. పెద్దమ్మ కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. ఆ మాటకి కంప్యూటర్‌లో గడి ఉంది. అయినా వదిన చాలాసేపు కీబోర్డు ముట్టుకోలేదు.

నేను వెనక నిలబడి చూస్తున్నాను. ఒక్కో ఫోనుకీ ఒక్కో చుక్క ఆరిపోతోంది. చూడగా చూడగా, ఇన్నాళ్ళూ ఆ రెండు గదుల్లో కిక్కిరిసి కూర్చున్న మనుషులు, తమను అడిగేవాళ్ళు వచ్చాక, ఒక్కొక్కరే లేచి చెప్పులేసుకొని ఇళ్ళకు వెళ్తున్నట్టనిపించింది. నా చేతిలో వైరు ఉందన్న సంగతి కూడా మర్చిపోయాను. ఎన్నో తెరలు వెలిగించినవాణ్ణే, తెర ఆరుతుంటే ఒళ్ళు పులకరించడం అదే మొదలు.

తనిఖీ అధికారి వచ్చేసరికి చుక్కలు అయిపోవచ్చాయి. ఆయన కుర్చీలో కూర్చొని, కళ్ళజోడు సవరించుకొని, తెర పైకి చూశాడు.

"క్లినిక్‌లో ఒకరు ఉన్నట్టు చూపిస్తోంది. బయట బెంచీ ఖాళీగా ఉంది. పేషెంటేరి?"

వదిన మొహం పాలిపోయింది. లేని పేషెంటు ఉన్నట్టు తేలితే ఇక చెప్పేదేముంది. పెద్దమ్మ చల్లగా, "ఇంట్లో మనిషే కదా, ఎప్పుడైనా అడగొచ్చని చివరికి ఉంచాను" అంది.

అప్పుడు నేను బల్ల కింద ప్లగ్గు బిగిస్తున్నాను. అక్కణ్ణుంచే చెయ్యెత్తాను. "నేనేనండి." పైకి లేవబోయి తల బల్లకి కొట్టుకున్నాను.

అధికారి వంగి చూశాడు. "బాధ?"

"గురకండి."

ఆయన తెర చూశాడు. గురక అనే ఉంది. "నయమైందా?"

"అది ఈయనకి తెలీదు. వాళ్ళావిడ చెప్పాలి" అంది పెద్దమ్మ.

"అడగండి మరి."

వదిన మా ఆవిడకి ఫోన్ కలిపి, అందరికీ వినబడేలా పెట్టింది. ఎవరెవరు వింటున్నారో మా ఆవిడకి తెలియదు.

"తగ్గడమా అక్కా? మొన్న ఎవరో గుమ్మంలో బండి స్టార్ట్ చేస్తున్నారనుకొని లేచి తలుపు తీశాను."

అధికారి పెదవి కొరుక్కున్నాడు. కాంపౌండర్ గోడవైపు తిరిగిపోయాడు.

"చప్పుడుకి అలవాటు పడ్డాలే. మధ్యలో బండి ఆగిపోతుంది చూడూ, అప్పుడు భయమేస్తుంది. నేను కదిపేదాకా మళ్ళీ కదలదు."

పెద్దమ్మ ముందుకు వంగింది. "ఆగిపోతోందా? ఊపిరేనా?"

"ఊపిరేనండి" అంది మా ఆవిడ.

నవ్వులు అక్కడితో ఆగాయి. పెద్దమ్మ ఒక్క వేలితోనే, ఈసారి వెతుక్కోకుండా, నా వివరాలన్నీ కొట్టి పెద్దాసుపత్రికి పంపించింది. తర్వాత అధికారి వైపు తిరిగి, "ఇది మాత్రం నేను ముగించను. గుర్తింపు ఇస్తారో మానేస్తారో మీ ఇష్టం" అంది.

ఆయన వెనకటి పేషెంట్ల వివరాలు తీసి చదవడం మొదలుపెట్టాడు. ప్రతి 'నయమైంది' కింద, ఎప్పుడు అడిగారో, ఏమన్నారో వదిన కొట్టిన ఒక ముక్క ఉంది. చాలాసేపు చదివాడు. "ఒకరు ఉన్నారని తెర చెప్తోంది, ఒకరు ఉన్నారు. నేను చూసిన క్లినిక్కుల్లో నిజం చెప్పిన తెర ఇదొక్కటే" అని సంతకం పెట్టాడు. పోయేటప్పుడు వదిన్ని పక్కకి పిలిచి, ముగించుకీ నయమైందికీ మధ్య ఇంకో గడి ఉండాలని పైవాళ్ళకి రాయమన్నాడు. రాసింది. ఆ గడి వచ్చింది కూడా. 'ఇంకా కనుక్కోవాలి' అని ఉంటుంది.

నేను పెద్దాసుపత్రికి వెళ్ళినప్పుడు, వదిన ఒకప్పుడు కూర్చున్న కిటికీ వెనకున్న అమ్మాయి నా కార్డు చూసి, "మీ వివరాలు ముందే వచ్చేశాయండీ, కూర్చోండి" అంది. నాకంటే ముందు నా గురక అక్కడికి చేరిందన్నమాట. ఇప్పుడు ఊపిరి ఆగకుండా గాలి కొట్టే యంత్రం గొట్టం మూతికి తగిలించుకొని పడుకుంటున్నాను. ఇల్లంతా నిశ్శబ్దం. చప్పుడు లేకపోయేసరికి మా ఆవిడకి నిద్ర పట్టక, బతికే ఉన్నానా అని లేచి చూస్తోంది.

ఈ సంగతి పెద్దమ్మతో చెప్పాను. "ఆవిడకి కూడా నిద్ర పట్టాక ముగిస్తాను" అంది. క్లినిక్ మూసే వేళ అటు వెళ్తే, తెర మీద ఒక్క చుక్క ఇప్పటికీ పచ్చగా ఉంటుంది.