బావ కోసం గీసిన బల్ల

నాకు ముక్కు మీద కోపం. దానికి తోడు నా కొలత తప్పదన్న పొగరు. నాచారంలో యంత్రాల విడిభాగాలు చేసే ఒక ఫ్యాక్టరీలో డ్రాఫ్ట్స్‌మన్‌గా చాలా ఏళ్లు పనిచేశాను. నా డ్రాయింగ్ పట్టుకుని ఎవరైనా "సారూ, ఈడ కొలత కుదుర్తలేదు" అని వెనక్కి వస్తే, తప్పు వాళ్ల చేతిలో ఉండేది తప్ప నా కాగితంలో ఉండేది కాదు. అలాగని నేనే అనుకునేవాణ్ని, నలుగురి ముందు అనేవాణ్ని కూడా. ఆ పొగరు ఎలా దిగిందో రాద్దామని ఇన్నాళ్లకు కూర్చున్నాను.

మా అక్క భర్త ఆ పారిశ్రామికవాడలోనే ఒక లేబుళ్ల ప్రెస్సులో ఆర్టిస్టు. పచ్చడి సీసాలు, అగరుబత్తి పెట్టెలు, దగ్గు మందు డబ్బాలు, వాటి మీద అక్షరాలన్నీ బావ చేతివే. ముందు పెన్సిల్‌తో గీసుకోవడం లాంటిదేమీ లేదు. బ్రష్ రంగులో ముంచి, ఊపిరి బిగబట్టి, ఒక్క తిప్పుతో 'మ' రాసేవాడు. స్కేలు లేనిదే గీత గీయలేని నేను పక్కన కూర్చుని నోరు తెరుచుకుని చూసేవాణ్ని. "అక్షరం వేళ్లకెళ్లి రాదు బామ్మర్దీ, భుజంకెళ్లి రావాలె" అనేవాడు. చెయ్యి భుజం నుంచే తిరగాలని ఆయన లెక్క.

చిన్నప్పుడు పోలియో వచ్చి బావ కుడికాలు సన్నబడిపోయింది, పొట్టిదైపోయింది. ఆ కాలికి మూడంగుళాల మందం అడుగున్న బూటు వేసుకునేవాడు. ఉప్పల్‌లో చెప్పులు కుట్టే ఒక ముసలాయన దాన్ని చేసి ఇచ్చేవాడు. ఆ బూటు వేసుకుంటే బావ మామూలుగానే నడిచేవాడు, కొత్తవాళ్లకు తెలిసేది కూడా కాదు. ఇంట్లో విప్పితే మాత్రం మోకాలి మీద చెయ్యి ఆనించి, గోడ పట్టుకుని తిరిగేవాడు. మాకందరికీ అది ఎంత అలవాటైపోయిందంటే, బావకు కాలు బాగాలేదన్న సంగతే గుర్తుండేది కాదు.

తొంభైల మధ్యలో ఆ ప్రెస్సుకు కంప్యూటర్లు వచ్చాయి. యజమాని ఆర్టిస్టులు ముగ్గురినీ పిలిచి చెప్పాడట, దసరాకల్లా చేతితో చేసే ఆర్టు సెక్షన్ మూసేస్తున్నామని, ఈలోగా కంప్యూటర్ మీద లేబుల్ చేయడం నేర్చుకున్నవాళ్లకే పని ఉంటుందని. ఒకాయన వారం తిరక్కుండానే సైన్‌బోర్డుల షాపులో చేరిపోయాడు. ఇంకొకాయన సొంత ఊరికి వెళ్లిపోయాడు. బావకు అప్పటికి నలభై ఎనిమిదేళ్లు. నిచ్చెనలెక్కి బోర్డులు రాయలేడు. పిల్లలిద్దరూ ఇంకా చదువుల్లో ఉన్నారు. ఆయనకు కంప్యూటర్ ముందు ఆ కుర్చీ ఉంటే పని ఉన్నట్టు, లేకపోతే లేనట్టు.

కంప్యూటర్లకని ప్లైవుడ్ అడ్డం పెట్టి గది కట్టారు. ఏసీ పెట్టారు. బయట చెప్పులు విడిచి లోపలికి వెళ్లాలి, దుమ్ము పడితే యంత్రం చెడిపోతుందని. మానిటర్‌కు బొట్టు పెట్టారు, దండ వేశారు. ఇన్ని మర్యాదలు చేసినవాళ్లు కూర్చునే మనిషి సంగతి ఆలోచించలేదు. లెక్కలు రాసే సెక్షన్ నుంచి ఒక పాత బల్ల తెచ్చి వేశారు. దాని మీద అడ్డంగా పడుకోబెట్టిన కంప్యూటర్ పెట్టె, దాని నెత్తిన మానిటర్, ముందు కీబోర్డు, పక్కన స్టూలు మీద మౌసు. చూసి గీయాల్సిన అసలు బొమ్మ బావ ఒళ్లో. మెడ పైకెత్తాలి, మళ్లీ ఒళ్లోకి వంచాలి, రోజంతా అదే పని.

"మెడ పట్టేసి మనిషి తిరుగుతలేడు. నీకు గీతలు గీసుడొస్తది గద, ఒక మంచి బల్ల గియ్యరాదురా!" అంది అక్క.

ఆ ఆదివారమే వెళ్లాను. బావ ఎక్కడికో వెళ్లి అప్పుడే వచ్చి వరండాలో కూర్చున్నాడు. టేపు తీసి అక్కడే కొలిచాను. నేల నుంచి మోకాలి మడత దాకా, కూర్చున్న చోటు నుంచి మోచేయి దాకా, కళ్ల దాకా. "పెండ్లి సూట్ కుట్టిస్తున్నవా ఏంది?" అని నవ్వాడు బావ. నేను నవ్వలేదు. కొలిచేటప్పుడు నాకు నవ్వు రాదు.

ఆ బల్ల మీద నేను పెట్టినంత బుద్ధి ఫ్యాక్టరీ పని మీద కూడా ఎన్నడూ పెట్టలేదు. పై పలకలో వెనక భాగాన్ని కిందికి దించి మానిటర్‌ను అందులో కూర్చోబెట్టాను. అప్పుడు చూపు కొంచెం వంగితే చాలు, మెడ ఎత్తక్కర్లేదు. కీబోర్డుకూ మౌసుకూ కలిపి ముందుకు లాగే ఒకే పలక, సరిగ్గా మోచేతి ఎత్తులో. ఎడమవైపు ఏటవాలు పలక, దానికి రేకు క్లిప్పు, అసలు బొమ్మ కళ్లెదురుగా నిలబడడానికి. కంప్యూటర్ పెట్టె కింద గూట్లో నిలువుగా. నిలబెడితే లోపలి డిస్కు పాడవుతుందని రిపేరుకొచ్చే ఇంజనీరు అడ్డుపడ్డాడు. పాడైతే నాది పూచీ అని అతనితో గొంతు పెంచి మరీ ఒప్పించాను. తిరిగే కుర్చీ ఆ ప్రెస్సులో యజమానికి ఒక్కడికే ఉండేది కాబట్టి, బల్లకు జతగా బావ కొలతకు ఒక కర్ర కుర్చీ కూడా గీశాను.

ఉప్పల్‌లో ఒక వడ్రంగికి పని ఇచ్చాను. అతను నా కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"అంతా మంచిగున్నది సారూ. మనిషిని ఒక్కసారి తీస్కరండ్రి. ఆయన పని జేసే తీరుగ కూసోబెట్టి సూసినంక కుర్చీ కాళ్లు కోస్త."

"కొలతలన్నీ కాగితం మీద లెవ్వా? కాగితం సూసి కొయ్యి, సాలు" అన్నాను.

"మీ ఇష్టం" అన్నాడతను.

బల్ల తయారై ప్రెస్సుకు చేరింది. ముందుగా బయట హాల్లో దింపించి, బావను కూర్చోబెట్టి చూశాం. పాదాలు రెండూ నేలకు ఆనాయి. మోచేతులు పలక మీద తేలికగా వాలాయి. ప్రెస్సువాళ్లంతా చుట్టూ చేరారు. యజమాని రెండు చేతులతో పలక లాగి, తోసి, "మస్తుంది" అన్నాడు. బావ నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. నేను పొంగిపోయాను. తర్వాత బల్లను ఏసీ గదిలోకి మోశారు. లోపల ఎలా అమరిందో చూసి పొమ్మన్నాడు బావ. నా బూట్ల లేసులు విప్పాలంటే బద్ధకమై, మళ్లీ వస్తాలే అని వచ్చేశాను.

దసరా వచ్చింది. కంప్యూటర్ మీద బావ చేసిన మామిడికాయ పచ్చడి లేబుల్‌ను యజమాని ఒప్పుకున్నాడు. పని నిలబడింది. అక్క మా ఇంటికి మిఠాయి పంపింది. బల్ల గురించి ఎవరైనా పొగిడితే వద్దనే మర్యాద నాకు అప్పట్లో లేదు.

చలికాలం వచ్చేసరికి బావ కుడి భుజం నొప్పి అనడం మొదలుపెట్టాడు. చొక్కా వేసుకునేటప్పుడు ముందు ఆ చెయ్యి దూర్చేవాడు. "మౌసు అలవాటు లేక గట్ల అయితది. జర నిటారుగ కూసో బావా, బల్ల మంచిగనే ఉన్నది గద" అని నేను పాఠం చెప్పాను. తల ఊపాడు. బల్ల గురించి ఒక్క మాట అనలేదు. ఆయన అనలేదు కాబట్టి నేనూ అడగలేదు.

ఉగాది వెళ్లాక మా ఫ్యాక్టరీ కేటలాగు అట్ట పని మీద ఆ ప్రెస్సుకు వెళ్లాల్సి వచ్చింది. కంప్యూటర్ గది ముందు కూర్చుని ఈసారి లేసులు విప్పాను. విప్పిన బూట్లు పక్కన పెట్టబోతుంటే, గోడ వారగా బావ ఎత్తు బూటు కనిపించింది.

లోపలికి వెళ్లకముందే నాకంతా అర్థమైంది. నేను కొలిచింది బూటు వేసుకున్న కాలిని. ఆయన పనిచేసేది బూటు విప్పి. నలభై ఎనిమిదేళ్ల మనిషి, పాతికేళ్లుగా మా ఇంటి మనిషి, వరండాలో నా కళ్లెదుట కూర్చున్న మనిషి. ఆయన బూటు విప్పితే ఎలా ఉంటాడో నాకు తెలియదా?

తలుపు తోశాను. బావ కుర్చీ అంచుకు జారి కూర్చున్నాడు. పొట్టి కాలు నేలకు ఆనించడం కోసం ఒళ్లంతా కుడివైపుకు వాలిపోయింది. నడుము కిందికి పోయినకొద్దీ పలక ఎత్తైపోయింది. కుడి మోచెయ్యి గాల్లో, భుజం చెవి దగ్గర. అలాగే మౌసు తిప్పుతున్నాడు. తెర మీద ఎవరిదో సబ్బు పేరు.

"బావా, ఎన్ని దినాలసంది గిట్ల కూసుంటున్నవ్?"

ఉలిక్కిపడి సర్దుకోబోయాడు. "అరే, నువ్వెప్పుడొచ్చినవ్?"

"నాకెందుకు చెప్పలే?"

"ఏమని చెప్పాలె? గంత కష్టపడి చేసినవ్. అందరు మంచిగున్నదన్నరు." గొంతు తగ్గించి అన్నాడు, "ఒకసారి కాలు కింద పేపర్ కట్ట పెట్టుకున్న. ఇదేంది, ఎందుకని ఒక్కొక్కలు అడుగుడు. తీసేసిన."

నా కోపానికి ఒక దారి కావాలి. నా మీద రావాల్సింది యజమాని మీదికి మళ్లింది. "ఆయన బూటు లోపలికి రానియ్యకపోతే ఎట్ల? ఇది ఆఫీసా, గుడా?" అని అరుస్తూ అతని గది వైపు నడిచాను. బావ వెనకే, గోడ పట్టుకుంటూ వచ్చాడు. బూటు లేకుండా అంత దూరం బయట నడవడం ఆయనకు అలవాటు లేదు. ప్రెస్సంతా పని ఆపి చూస్తోంది. నా మోచెయ్యి పట్టుకుని, "నీకు దండం పెడ్త. అందరిల నా ఇజ్జత్ తియ్యకు" అన్నాడు. నేను వెనక్కి తిరిగి ఆయన్ని కంప్యూటర్ గది దాకా నడిపించుకొచ్చాను.

మర్నాడే ఉప్పల్ వెళ్లాను. జరిగింది వడ్రంగికి చెప్పాను. చెప్పలేదా అని ఒక్క మాట దెప్పుతాడేమోనని ఎదురుచూశాను. అతను రంపం సంచిలో పెట్టుకుని నా స్కూటర్ ఎక్కాడు. ఏసీ గదిలో బావను ఉత్త కాళ్లతో కూర్చోబెట్టి, తాను నేల మీద బోర్లా పడుకుని చూశాడు. బల్ల లోపలే, కుడివైపు, చూసేవాళ్లకు అది కూడా బల్లలో భాగమే అనిపించేలా ఒక ఏటవాలు మెట్టు బిగించాడు. బల్ల రంగే దానికీ వేశాడు. కుర్చీ కాళ్లు కాస్త కోశాడు. నా టేపు అడగలేదు. బావ నిటారుగా కూర్చున్నాడు, భుజం దిగింది. ఇక కొలతలో తప్పు లేదు.

కానీ భుజం బాగుపడలేదు. దవాఖానాలో డాక్టరు చేతిని పట్టి పైకెత్తబోతే బావ పళ్లు బిగించాడు. కీలు బిగుసుకుపోయింది, చాలా నెలలుగా ముదిరింది, ముందే రావాల్సింది అన్నాడు డాక్టరు. గోడకు వేళ్లు ఆనించి పైకి పాకించమన్నాడు. బావ రోజూ పాకించేవాడు. చెయ్యి ఛాతీ ఎత్తుకు వచ్చి అక్కడే ఆగిపోయింది.

విచిత్రమేమంటే మౌసుకు ఆ ఎత్తు చాలు. బావ ఆ కుర్చీలో చాలా ఏళ్లు పనిచేశాడు, పిల్లలు చదువులు ముగించారు. అక్క నన్ను ఎప్పుడూ మెచ్చుకునేది, ఆ బల్లే మమ్మల్ని నిలబెట్టిందని. బ్రష్ మాత్రం మళ్లీ పట్టలేదు. ఒకసారి నేను చూస్తుండగానే పాత అలవాటు కొద్దీ రంగు కలిపి కూర్చున్నాడు. 'మ' సగం దాకా వచ్చి, చెయ్యి తిరగక వంకర పోయింది. నా వైపు చూడకుండా ఆ కాగితాన్ని మడతపెట్టి, బ్రష్‌లు కడిగి పైన పెట్టేశాడు. నాకప్పుడే ఏడుపొచ్చింది. ఒక్క మాట అనాల్సింది, తప్పు నాది బావా అని. నోరు పెద్దదే గాని ఆ మాటకు మాత్రం పెగల్లేదు.

కొన్నేళ్లకు మేడిపల్లిలో ఇల్లు కట్టుకున్నాను. గృహప్రవేశం రోజు పెద్దల కాళ్లకు మొక్కుతూ బావ దగ్గరికి వచ్చాను. ఆయన కుడి చేతి నిండా అక్షింతలు ఉన్నాయి. దీవెన ఎడమ చేత్తో ఇవ్వరు కదా. ఎడమ చేత్తో కుడి మోచేతిని కింది నుంచి పట్టుకుని, రెండో మనిషి చెయ్యిని ఎత్తినట్టు తన చెయ్యిని తానే పైకెత్తుతున్నాడు. నేను మొక్కి లేచి, తల వంచి నిలబడ్డాను. చెయ్యి నా తల దాకా రాలేదు. అక్షింతలు కొన్ని నా చొక్కా మీద పడ్డాయి. ఆయన ముఖంలో సిగ్గు కనిపించింది. సిగ్గుపడాల్సింది నేను.

ఆ చెయ్యి అందేలా మోకాళ్ల మీద కూర్చున్నాను. "బావా, తప్పు నాది" అన్నాను. చుట్టూ అందరూ ఉన్నారు, ఎవరికీ అర్థం కాలేదు.

"ఎరికే బామ్మర్దీ, లే" అన్నాడు బావ. చెయ్యి నా తల మీదే ఉంది.