రూపకం సోకిన చెరువు

ఒకే ఒక్క రూపకంతో నిక్షేపంగా ఉన్న చెరువును కల్లోలం చేసి, ఒక పెళ్ళిభోజనం చెడగొట్టి, మా బాబాయిని పట్టుచొక్కాతో సహా బురదలో ముంచిన ఘనత నాది. మీరు తెలుగు టీచర్లయితే దయచేసి నవ్వకండి. మిగతావాళ్ళు కానివ్వండి.

అప్పటికి నా బీఈడీ కొత్తగా పూర్తయింది. ఏలూరులో రెండు స్కూళ్ళు "కబురు చేస్తామండీ" అని సాగనంపాయి, కబురు మాత్రం రాలేదు. చివరికి తాడేపల్లిగూడెంలో ఒక స్కూలువాళ్ళు సోమవారం డెమో క్లాసుకు రమ్మన్నారు. తొమ్మిదో తరగతికి అలంకారాలు చెప్పాలి.

"పుస్తకంలో ఉదాహరణలు పిల్లలకు నోటికొచ్చేశాయమ్మా. మీ సొంతవి చెప్పండి, చూద్దాం," అన్నారు హెడ్మిస్ట్రెస్ గారు.

ఈసారి ఉద్యోగం వదిలేది లేదని పంతం పట్టాను. సోమవారం దాకా అలంకారం లేని వాక్యం నా నోటి నుంచి రాకూడదని నిర్ణయించుకున్నాను.

పెదపాడు దగ్గర మా బాబాయి ఇంట్లో మకాం. ఇంటి వెనకే ఆయన చేపల చెరువు. వచ్చే వారమే చేపల పట్టుబడి. లారీ, ఐసు, మనుషులు అంతా మాట్లాడేశారు. ఏడాది కష్టమంతా ఆ నీళ్ళలో ఈదుతోందన్నమాట. శనివారం పొద్దున్నే బాబాయీ పిన్నీ తాడేపల్లిగూడెంలో చర్చి పెళ్ళికి బయల్దేరారు.

"అమ్మా గ్రేసీ, మబ్బు పట్టింది. చెరువు కాస్త కనిపెట్టుకుని ఉండు," అన్నారు బాబాయి కారెక్కుతూ.

"మీ మాట నాకు శిలాశాసనం బాబాయ్!"

"శాసనాలెందుకమ్మా, అప్పుడప్పుడూ గట్టు మీదకెళ్ళి చూస్తే చాలు."

పెళ్ళి మధ్యలో ఆయన నుంచి మెసేజి వచ్చింది. "చెరువు ఎలా ఉంది?"

గట్టు మీదకెళ్ళాను. గాలి లేదు. నీళ్ళు అద్దంలా కదలకుండా ఉన్నాయి. ఆకాశంలోని మబ్బులన్నీ నీళ్ళలో కనబడుతున్నాయి. వాటి మధ్య అక్కడక్కడా శీలావతి చేపలు తోకలాడిస్తూ హాయిగా తిరుగుతున్నాయి. బాగుందని రాస్తే సరిపోయేది. కానీ నేను పంతం మీదున్న మనిషిని కదా! ఇలా రాశాను:

"చెరువు ఊపిరి బిగబట్టింది. చేపలు మబ్బులను తాగుతున్నాయి."

పంపించాక నాకే ఒళ్ళు పులకరించింది. ఫోను సైలెంటులో పెట్టి, కొబ్బరిచెట్లను తొమ్మిదో తరగతి పిల్లలనుకుని పాఠం మొదలుపెట్టాను.

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. మబ్బు పట్టి గాలి ఆడకపోతే చెరువులో ఆక్సిజన్ తగ్గిపోతుంది. చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తాయి. ఆలస్యమైతే చెరువంతా చచ్చిన చేపలతో తెల్లబడిపోతుంది. కొల్లేరు చుట్టుపక్కల ఇది తెలియనివాళ్ళు ఉండరు. నాకూ తెలుసు. కాకపోతే ఆ పూట కవిత్వం నా బుర్ర మొత్తాన్నీ అద్దెకు తీసుకుంది.

కొబ్బరిచెట్లకు ఉత్ప్రేక్ష వివరిస్తుండగా దుమ్ము లేపుకుంటూ మూడు కార్లొచ్చాయి. పట్టుబట్టలు, కోట్లు, మల్లెపూలు, సెంటు వాసన బిలబిలమంటూ గట్టెక్కాయి. అందరికంటే ముందు బాబాయి, భుజాన ఆక్సిజన్ బిళ్ళల సంచీతో.

"ఎన్ని పోయాయమ్మా?" అన్నారు రొప్పుతూ.

"ఏంటి పోయేది బాబాయ్?"

ఆయన వినిపించుకునే స్థితిలో లేరు. బిళ్ళలు చల్లడానికి పరుగెత్తారు, నీళ్ళ అంచున బురదలో జారారు, సంచీతో సహా నీళ్ళలో పడ్డారు. అప్పటిదాకా ప్రశాంతంగా ఉన్న చేపలు ఆ దెబ్బకు గాల్లోకి ఎగిరాయి.

"అయ్యో, కొట్టుకుంటున్నాయండీ!" అని అరిచారు పెళ్ళికూతురి మేనమామ, బాబాయికి వరసకు బావమరిది. "నీళ్ళు చిలికే మోటార్లు వేయండి!"

"వద్దండీ! చేపలకేం కాలేదు. నేను రాసింది రూపకం!" అన్నాను.

మోటార్ల వైపు పరుగెత్తినవాళ్ళు ఉన్నచోటే ఆగిపోయారు.

"రూపకమా? అదేం జబ్బమ్మా?" అన్నారు బాబాయి నీళ్ళలోంచే.

"మా చెరువుకూ నిరుడు వచ్చిందండీ," అన్నారు మేనమామ గారు గంభీరంగా. "సున్నం చల్లితే తగ్గింది."

అది జబ్బు కాదని, అలంకారమని చెప్పడానికి నా తల ప్రాణం తోకకొచ్చింది. బాబాయి నెమ్మదిగా ఒడ్డెక్కి, చెరువు వైపు చాలాసేపు చూశారు. చేపలు సర్దుకుని మళ్ళీ తిరుగుతున్నాయి. ఆయన కూలబడి రెండు చేతులతో మొహం తుడుచుకున్నారు. నాకు ఏడుపొచ్చింది.

పిన్నికి మాత్రం కోపమొచ్చింది. "ఫోను తీయవు. దారి పొడుగునా ఈయన ప్రార్థన చేస్తూనే ఉన్నారు. బిరియానీ వడ్డించిన పళ్ళేలు వదిలేసి వచ్చామే! ఇంతకీ ఏంటమ్మాయ్ ఆ రూపకం? చెప్పు, ఇక్కడే చెప్పు!"

అందరూ ఆకలితో నా వైపే చూస్తున్నారు. పారిపోవడమా, పాఠం చెప్పడమా? కళ్ళు తుడుచుకుని నిలబడ్డాను.

"బాబాయి గేదెలా ఉన్నారు అంటే ఉపమ. పోలిక చెప్పాం. బాబాయే గేదె అనేస్తే రూపకం. రెండింటికీ తేడా లేదన్నాం. ఆయన పడితే నీళ్ళు గూడెం దాకా చిమ్మాయంటే అతిశయోక్తి."

ముందు పిన్ని నవ్వింది. తర్వాత గట్టంతా నవ్వింది. మేనమామ గారు "మా బావ గేదె. రూపకం. అంతేగా అండీ?" అని అడిగి మరీ నిర్ధారించుకున్నారు.

బాబాయి ఒక్కరే నవ్వలేదు. చొక్కా పిండుకుంటూ అడిగారు. "అన్నీ బాగానే ఉన్నాయమ్మా. ఉన్నది ఉన్నట్టు చెప్పడానికి మీ పుస్తకంలో అలంకారమేమీ లేదా?"

"ఉంది బాబాయ్. స్వభావోక్తి."

"మరి దాంతో మొదలుపెట్టి ఏడవచ్చు కదమ్మా!"

సోమవారం డెమోలో దాంతోనే మొదలుపెట్టాను. ఈ కథంతా చెప్పాను. పిల్లలు బల్లలు చరిచారు. హెడ్మిస్ట్రెస్ గారు కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకుని, "ఎప్పుడు చేరతారండీ?" అన్నారు. బయటికొచ్చి బాబాయికి "ఉద్యోగం వచ్చింది" అని మెసేజి పెట్టాను. వెంటనే ఫోన్ మోగింది.

"ఇది ఏ అలంకారమమ్మా?"

"స్వభావోక్తే బాబాయ్, ఒట్టు!"

"అయితే పిన్నికి చెప్పొచ్చన్నమాట."

అందుచేత పాఠకులారా, మీ అందరి సమక్షంలో శపథం చేస్తున్నాను. కొల్లేరు ఇంకిపోయినా, సూర్యుడు పడమట పొడిచినా, నా తల వెయ్యి వక్కలైనా సరే, ఇకమీదట ఫోనులో అతిశయోక్తి వాడను!