దుఖాన్ దాకా వెనక సీట్లో: పాత బండికి రెండు డిస్కులు

మా ఆయన శ్రీనుకి పాత బండంటే పిచ్చి. మా ఇద్దరికన్నా వయసులో పెద్దదైన మోటార్‌సైకిల్ని దోహాలో ముచ్చటపడి కొన్నారు. దానికి పరిగెత్తడం బాగానే వచ్చు, ఆగడమే రాదు. కిందటి నెల అల్ అజీజియాలో మా ఇంటి దగ్గరి రౌండెబౌట్లో ముందు డ్రమ్ బ్రేకు పట్టక, ఎదుటి కారు బంపరుకి వెళ్ళి తగిలాం. దెబ్బలేమీ లేవు కానీ నేను మళ్ళీ వెనక ఎక్కలేదు. "ముందు చక్రానికి రెండు డిస్కు బ్రేకులు వేయిస్తాను. సముద్రం ఒడ్డున దుఖాన్ దాకా ఒక్కసారి రా. అప్పటికీ భయమేస్తే బండి అమ్మేద్దాం" అన్నారు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన మొహం చూడలేకపోయాను.

శుక్రవారం ఉదయం ఏడింటికి సనయ్యాలో, అంటే ఇండస్ట్రియల్ ఏరియాలో, మల్లేశ్ పనిచేసే గ్యారేజీకి చేరాం. జగిత్యాల వైపు మనిషి. సెలవు రోజైనా మాకోసం షట్టరు తీశాడు. చక్రం, రెండు డిస్కులు, వాటిని చెరోపక్క పట్టుకునే కాలిపర్లు, హ్యాండిల్ మీద కొత్త లివరు ముందురోజే బిగించేశాడు. సామాన్లు కాక పనికి ఆరు వందల రియాళ్ళు. ఇక బ్రేకు ఆయిల్ గొట్టాల్లో గాలి తీయడమే మిగిలింది. ఒకరు లివరు నొక్కి పట్టుకుంటే, ఇంకొకరు కింద మర వదులు చేసి మళ్ళీ బిగించాలి. శ్రీను నొక్కడానికి ముందుకొచ్చారు.

"నువ్వొద్దన్నా. ఎన్క గూసునేది అక్కనే గద, ఆమె చెయ్యికి తెల్వాలె" అన్నాడు మల్లేశ్. "అక్కా, జర ఇటు రా. గట్టిగ వత్తు. నేను చెప్పేదాంక ఇడువకు."

మొదట లివరు నానిన అటుకుల్లా మెత్తగా ఉంది. నొక్కినప్పుడల్లా సన్నటి గొట్టంలోంచి బుడగలు వచ్చాయి. చూస్తుండగానే అవి తగ్గాయి, లివరు నా వేళ్ళకి ఎదురుతిరగడం మొదలుపెట్టింది. కాసేపటికి రాయిలా నిలిచింది. "ఖలాస్ అక్కా, గాలి మాఫీ!" అని నవ్వాడు, అరబ్బీలో 'అయిపోయింది, గాలి లేదు' అని. "కొత్త బ్రేకు ప్యాడ్లన్నా, మొదట్ల జర మెల్లమెల్లగ బ్రేకేస్కుంట పో."

తొమ్మిదికి దుఖాన్ రోడ్డెక్కాం. ఎండ ఇంకా రాలేదు. పొగమంచులో ఇసుకా ఆకాశం ఒకటే రంగులో కలిసిపోయి, మేం ఎటూ వెళ్ళకుండా ఒకేచోట తేలుతున్నట్టుంది. ఒంటెల పందేలు జరిగే షహానియా దగ్గర చిక్కటి కరక్ చాయ్ కోసం పక్కదారిలోకి మళ్ళాం. ఉన్నట్టుండి మంచులోంచి ఒంటెల వరుస రోడ్డు మీదికి వచ్చింది. రంగుల గుడ్డలు కప్పుకుని, చప్పుడు లేకుండా నడుస్తున్నాయి. శ్రీను బ్రేకు వేశారు. బండి ముందుకు కొంచెం వంగి, నిలిచిపోయింది. ఒక ఒంటె మమ్మల్ని తీరిగ్గా చూసి వెళ్ళింది. అప్పుడు గమనించాను, ఎప్పటిలా ఆయన చొక్కా పట్టుకుని లేను. నా కుడిచేయి గాల్లోనే, లేని లివరుని నొక్కి పట్టుకుంది.

పదిన్నర దాటాక దుఖాన్ తీరం. మంచు విడిపోయి నీళ్ళు పాలరంగులో కనిపించాయి. హెల్మెట్లు తీసి ఒడ్డున కూర్చున్నాం.

"అమ్మేద్దామా మరి?" అన్నారు, సముద్రం వైపే చూస్తూ.

"రేపు సాయంత్రం నన్ను నజ్మా బజారులో దింపాలి, కూరలు కొనాలి" అన్నాను.

ఆయన లేచారు. వెళ్ళి బండి అద్దం తుడవసాగారు, అదేమో శుభ్రంగానే ఉంది. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఇన్నాళ్ళూ నా భయం వేగం మీద అనుకున్నాను. కాదు, వెనక కూర్చున్నవాళ్ళ చేతిలో ఏమీ ఉండదు, అదీ భయం. మీరూ పాత బండికి డిస్కులు వేయించి ఇలా బయల్దేరుతుంటే ఒక్క మాట: గాలి తీసేటప్పుడు లివరు మీరు నొక్కకండి, వెనక కూర్చునే మనిషి చేత నొక్కించండి.