మైనా చివరి బరాత్

పౌలు తండ్రి వరంగల్ స్టేషన్ ముందు టాంగా తోలినవాడు. ఆటోలొచ్చి టాంగాలను మింగేశాక కొడుక్కి మిగిలింది గుర్రాల పిచ్చి ఒక్కటే. మైనా అనే తెల్ల ఆడగుర్రాన్ని పెళ్లి బరాత్‌లకు తిప్పుకుంటూ మా శివనగర్ వాడలో ఇల్లు నెట్టుకొచ్చాడు. డప్పు దెబ్బ పడితే మైనా ముందుకాళ్లెత్తి అడుగులేసేది. అదే క్రిస్మస్ ర్యాలీలో జ్ఞానుల వేషం కట్టిన పిల్లల్ని ఎక్కిస్తే, కోడిగుడ్ల గంప మోస్తున్నంత పదిలంగా నడిచేది. "మా ఆయన నా పేరు మరుస్తడు గని దాని పేరు మరువడు" అని పౌలు భార్య ఎస్తేరు ఎత్తిపొడిచేది. అందులో అబద్ధమేమీ లేదు.

ఆ శ్రావణంలో వానలు దంచికొట్టాయి. మురుగు మోరీలు నిండి వాడంతా దోమలు ముసిరాయి. ఒకనాడు మైనా దాణా ముట్టలేదు. ఒళ్లు కాలిపోతోంది, తల గోడకు ఆనించి కదలకుండా నిలబడింది. పశువుల దవాఖాన నుంచి డాక్టరమ్మ పద్మలత వచ్చి చూసింది.

"దోమకాటుతోని వచ్చే మెదడువాపు అనుకుంటున్న పౌలూ. ఈ వానలల్ల నేను చూసిన మూడో గుర్రం ఇది. రక్తం పరీక్షకు పంపుత. నయమయ్యేదాక బయటికి తియ్యకు. చప్పుడు, లైట్లు దీనికి అస్సలు పడయి."

రోగం అంటుతుందని వాడవాళ్లకు భయం పట్టుకుంది. గుర్రం నుంచి మనిషికి రాదు, ముందు మోరీలు చూసుకోండి అని డాక్టరమ్మ చెప్పి మరీ పోయింది. మోరీ వంక ఒక్కడూ చూడలేదు. గుర్రాన్ని వాడలోంచి తీసెయ్యమన్నారు.

ఆ వారమే బట్టల వ్యాపారి రాజేశ్వర్ రావు కొడుకు పెళ్లి. బరాత్‌కు మైనానే మాట్లాడుకున్నారు. పౌలు పోయి చేతులు జోడించాడు.

"సార్, మైనాకు పానం బాగలేదు. ఇంకో గుర్రాన్ని చూసుకోండ్రి."

"ముహూర్తాల దినాలల్ల ఇంకో గుర్రం యాడ దొరుకుతది? నీ నకరాలు నా దగ్గర నడువయి. రాకుంటే హన్మకొండల ఏ బ్యాండోడు నిన్ను పిలువకుండ జేస్త."

చేయగలడు కూడా. పెళ్లిరోజు పొద్దున మైనా కాసిని తవుడు నీళ్లు తాగింది. జ్వరం తగ్గిందని పౌలు తనకు తానే నచ్చజెప్పుకున్నాడు. నడిపించడమే తప్ప ఆడించనని, డీజే దూరంగా ఉండాలని అడిగితే రాజేశ్వర్ రావు తలూపాడు. తలూపడానికి ఖర్చేముంది.

ఫంక్షన్ హాల్ గేటు కనబడగానే డీజే బండి దగ్గరికొచ్చింది. మైనా కాళ్లు వణికాయి. పక్కకు తూలింది, గుండ్రంగా తిరిగింది, మోకాళ్ల మీద పడి లేచింది. జనం ఈలలేశారు. పెళ్లికొడుకు బావ హరీష్ ఫోన్‌లో వీడియో తీస్తూ, "మస్తు ఆడుతాంది, ఇంకింత పెంచు" అని డీజేవాడికి సైగ చేశాడు.

"అది ఆడుతలేదు సార్, పానం పోతాంది. జర దిగుండ్రి" అని పౌలు గుర్రం మీదున్న పెళ్లికొడుకును చూసి గొంతు చించుకున్నాడు. ఆ మోతలో చాలామందికి వినబడలేదు. వినబడినవాళ్లు నవ్వారు. ఎద్దు పుండు కాకికి నొప్పా?

చివరికి పౌలే పెళ్లికొడుకును నడుం పట్టి కిందికి దించాడు. మైనా అక్కడే ఒరిగింది, మళ్లీ లేవలేదు. ముహూర్తం దాటిపోతోందని అందరూ పక్కనుంచి నడిచి లోపలికి పోయారు. రాజేశ్వర్ రావు ఒక్కడు ఆగి, "అపశకునం. గేటు ముందలకెల్లి తియ్యి" అన్నాడు.

ఆ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. పౌలుకు కోపం కూడా రాలేదు. కళ్లెం విప్పి, మైనా మూతి తుడుస్తూ కూర్చున్నాడు.

పరీక్షలో డాక్టరమ్మ అనుమానించిన జబ్బే తేలింది. గుర్రం పీడ పోయిందని వాడ ఊపిరి పీల్చుకుంది. మోరీ అట్లాగే పారుతోంది.

హరీష్ పెట్టిన వీడియో మాత్రం ఊళ్లు తిరిగింది. వారం తిరక్కుండానే నర్సంపేట నుంచి ఎవరో కుర్రాడు పౌలుకు ఫోన్ చేశాడు.

"అన్నా, మోకాళ్ల మీద ఆడే గుర్రం మీదేనటగ. మా అన్న బరాత్‌కు గదే కావాలె."

"అది ఆడలేదు తమ్మీ. సచ్చిపోయింది."



"అయ్యో. అయితే అన్నా, గట్ల ఆడేది ఇంకోటి ఉన్నదా?"