నాన్న కోసేసిన డప్పు

చర్చివాళ్ళు వేసే పుస్తకంలో మా నాన్న గురించి "గొప్ప విశ్వాసి" అని ఒక్క ముక్క వేసి ఊరుకుంటారట. ఆ ముక్క నాకు చాలదు. నేను చెబుతాను, నువ్వు రాయి. మధ్యలో ప్రశ్నలు వెయ్యకు, నాకు తోవ తప్పుతుంది.

మాది కొల్లేటి అంచున ఒక ఊరు. ఇదంతా పంతొమ్మిది వందల ముప్పైల నాటి మాట. నాకప్పుడు ఏడెనిమిదేళ్ళుంటాయి. చేపల చెరువులూ లారీలూ అప్పుడెక్కడివి? ఏలూరు నుంచి మా ఊరికి ఎవరు రావాలన్నా పడవే. ఊరి పల్లంలో మా మాదిగపేట. వాన ఎక్కువైతే కొల్లేరు ముందు మా పొయ్యిల్లోకి వచ్చి, తర్వాత తీరిగ్గా ఊళ్ళోకి వెళ్ళేది.

నాన్న కామందు దగ్గర పాలేరు. ఏడాదికింత అని ధాన్యం కొలిచేవారు. అది కాక, అమ్మవారి జాతరలో డప్పు కొట్టే హక్కు మా ఇంటిది. హక్కు అన్నానా? కొట్టకపోతే తన్నేవారు, దాన్నే హక్కు అనేవారు. అయినా నాన్నకి డప్పంటే ప్రాణం. తోలు తనే గీకి, తనే బిగించుకునేవాడు. గడ్డిమంట మీద కాచి, వేలితో ఒక్కసారి తట్టి, చెవి దగ్గర పెట్టుకుని వినేవాడు. పెంటపాడు నుంచి కూడా మనుషులొచ్చి పెళ్ళిళ్ళకి పిలుచుకెళ్ళేవారు.

తర్వాత మా పేటంతా మతంలో కలిసింది. కాలవలో బాప్తిస్మాలు ఇచ్చారు. దెయ్యాలని పిలిచే వాయిద్యం క్రీస్తు ఉన్న ఇంట్లో ఉండకూడదని పాస్టరుగారు చెప్పారు. మరుసటి ఆదివారం మగవాళ్ళంతా డప్పులు తెచ్చి మా తాటాకుల గుడి, అదే చర్చి, ముందు పెట్టారు. ముందు నాన్నే లేచాడు. చెప్పులు కోసే కత్తితో తోలు అడ్డంగా చీల్చేశాడు. పెద్ద గుడ్డ చింపినట్టు చప్పుడైంది. మిగతావాళ్ళు ఆయన్ని చూసి కోశారు. కర్ర చట్రాలు పాస్టరుగారింట్లో నీళ్ళపొయ్యిలోకి వెళ్ళాయి.

ఒక్క చిన్నాన్న మాత్రం చేతులు ఊపుకుంటూ వచ్చాడు. "నా డప్పుని ఎలకలు కొట్టేశాయండీ, ఎప్పుడో పారేశాను" అన్నాడు. అది తాడేపల్లిగూడెంలో ఆయన అత్తారింట్లో చూరుకి వేలాడుతోందని పేటలో అందరికీ తెలుసు. పాస్టరుగారికి తెలీదా? ఏమో, ఆయన అడగలేదు.

ఆ ఏడే కొల్లేరు పొంగింది. నాటిన చేలన్నీ నీళ్ళ కింద ఉండిపోయాయి. అమ్మవారికి జాతర చేస్తే గానీ నీళ్ళు దిగవని ఊరి పెద్దలు అనుకున్నారు. కామందు మా పేటలోకి రాడు కదా, గట్టు మీదే నిలబడి నాన్నని కేకేశాడు. నేను నాన్న వెనకాలే వెళ్ళాను.

"ఏరా, ఎల్లుండి జాతర. పొద్దున్నే వచ్చెయ్యి."

"నేను కొట్టనండి బాబుగారూ."

"ఏం, చెయ్యి నొప్పా?"

"మతంలో కలిశానండి. మీకు తెలుసు కదండీ."

"కలిస్తే కలిశావు, నేనేమన్నా వద్దన్నానా? ఒక్కపూట కొట్టరా. మళ్ళీ ఆదివారం వెళ్ళి మీ ఏసుకి దణ్ణం పెట్టుకో. ఆయనకి ఎవరు చెప్పొచ్చారు?"

ఆయన వెంట వచ్చినవాళ్ళు నవ్వారు. నాన్న తల దించుకునే ఉన్నాడు.

"ఆయనకి ఒకళ్ళు చెప్పక్కర్లేదండి. అయినా కొడదామన్నా డప్పు లేదండి. కోసేశాను."

నవ్వులు ఆగిపోయాయి. "కోసేశావా?" అన్నాడు కామందు. గొంతు పెంచలేదు. మన వైపు పెద్దవాళ్ళు కడుపు మీద కొట్టేటప్పుడు కూడా మెత్తగానే మాట్లాడతారు. "సరే నాయనా. ఇంక మా ఇంటికి రాకు. నీకు కూడు ఆయనే పెడతాళ్ళే."

చిన్నాన్న ఆ సాయంత్రమే తాడేపల్లిగూడెం వెళ్ళి ఎలకలు కొట్టేసిన డప్పు తెచ్చుకున్నాడు. జాతరలో ఆయనే కొట్టాడు. వాన తగ్గాక నీళ్ళు దిగాయి. వాన తగ్గితే దిగక ఏం చేస్తాయి? కానీ పేరు డప్పుకొచ్చింది. నాన్న పాలేరుతనం చిన్నాన్నకొచ్చింది.

ఊళ్ళో ఇంక ఎవరూ నాన్నని పనికి పిలవలేదు. తాడేపల్లిగూడెం రైస్ మిల్లులో బస్తాలు మోశాడు కొన్నాళ్ళు. ఆదివారం రానంటే మేస్త్రి "అయితే సోమవారం కూడా రాకు" అన్నాడట. అమ్మా నేనూ కొల్లేట్లో దిగి తామర దుంపలు తవ్వేవాళ్ళం, నత్తలు ఏరేవాళ్ళం. అమ్మకి పాలు పడటం మానేశాయి. చంటి తమ్ముడు ఏడ్చే ఓపిక కూడా లేక మూలిగేవాడు.

ఒకరోజు పిన్ని, అదే చిన్నాన్న భార్య, చెంగులో బియ్యం కట్టుకుని వచ్చింది. "అక్కా, పిల్లలకి కాస్త జావ కాచి పొయ్యి" అంది. అమ్మ చాట తెచ్చింది. నాన్న గుమ్మంలో నిలబడ్డాడు.

"ఎక్కడివమ్మా ఆ బియ్యం?"

"బియ్యం బావగారూ. బియ్యానికి కూడా మతం ఉంటుందేంటండీ?"

"డప్పు కొట్టి తెచ్చినవి నా ఇంట్లో ఉడకవు. తీసుకెళ్ళు తల్లీ."

పిన్ని అమ్మ వైపు చూసింది. అమ్మ ఖాళీ చాట పట్టుకుని అలాగే కూర్చుంది. చంటాడు ఆ ఏడే పోయాడు. జ్వరం అన్నారు. జ్వరమే అయ్యుండొచ్చు. అమ్మ మాత్రం బతికున్నంత కాలం జ్వరమని అనలేదు.

పాస్టరుగారు వచ్చి సమాధి చేశారు. ప్రార్థన బాగా చేశారు, ఆయనది మంచి గొంతు. ఏలూరు మిషను స్కూల్లో కాపలా పని ఏదన్నా ఇప్పించమని నాన్న అక్కడే అడిగాడు. "ప్రార్థనలో పెడదాం" అన్నారు. పెట్టే ఉంటారు. చిన్నాన్ననేమో ఒక ఆదివారం అందరి ముందూ మోకరించమన్నారు, తప్పు ఒప్పించారు, అయిపోయింది. కొత్త పంటలో మొదటి బస్తా ఆయన గుడికి మోసుకొస్తే సంఘపెద్దల్లో కూర్చోబెట్టారు. నాన్న ఏం తెస్తాడు, నత్తలా?

ఆఖరికి ఏలూరులో తివాచీలు నేయించే ఒక సాయిబుగారు ఉన్ని ఉతికే పనిలో పెట్టుకున్నారు. ఆదివారం సంగతి నాన్న భయపడుతూనే చెప్పాడట. "మాకు శుక్రవారం ఉందిగా, నీకు ఆదివారం. దానికింత నసుగుడెందుకయ్యా?" అన్నారట ఆయన. మా నాన్న ఆదివారానికి విలువిచ్చిన మనిషి ఆయనొక్కడే. ఇది కూడా రాయి, చర్చివాళ్ళు చదువుకుంటారు.

కొన్ని పంటలు గడిచాక ఏలూరు మిషనుకి కొత్త దొరసానిగారు వచ్చింది. చక్కగా తెలుగు మాట్లాడేది. క్రిస్మస్‌కి మా ఊరొచ్చి, మీ వాయిద్యాలేవీ, మీ డప్పులేవీ, దేవుణ్ణి మీ డప్పులతోనే స్తుతించాలి కదా అంది. పాస్టరుగారు "అవునండీ, అవునండీ" అన్నారు. పేటంతా వెతికితే ఒక్కటే డప్పు ఉంది. ఎవరిదో నీకు చెప్పక్కర్లేదు.

పాస్టరుగారు దాన్ని స్వయంగా తెచ్చి నాన్న ఒళ్ళో పెట్టారు. "నీకంటే బాగా కొట్టేవాడు ఎవరున్నారు? నువ్వే మొదలుపెట్టాలి" అన్నారు. గుడి నిండా జనం. నేను ఆడవాళ్ళ వైపు అమ్మ పక్కన కూర్చున్నాను. కొట్టమనే అనుకున్నాను మనసులో. నాన్న కొడితే విని ఎన్నాళ్ళయిందో.

నాన్న డప్పుని మెల్లిగా కింద పెట్టాడు. "నేను దీన్ని దేవుడికి ఇచ్చేశానండీ. మళ్ళీ నాకు ఇవ్వడానికి మీరెవరండీ?" అన్నాడు.

దొరసానిగారికి వెనకటి సంగతి తెలీదు కదా, ఏమీ అర్థం కాలేదు. పాస్టరుగారి ముఖం నల్లబడింది. "పండగపూట పంతమేంటన్నయ్యా" అంటూ చిన్నాన్నే తీసుకుని మొదలుపెట్టాడు. జనం చప్పట్లు కొట్టారు. బాగానే కొట్టాడు, అబద్ధమెందుకు. నాన్న రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని, వాటి మీద బరువంతా వేసి కూర్చున్నాడు, పాట అయ్యేదాకా.

ఇంటికెళ్ళే దారిలో అమ్మ గట్టు మీద ఆగిపోయింది.

"ఏవయ్యా, నా పిల్లాడు దేనికి పోయినట్టు? చెప్పు. డప్పు పాపం కాదంట కదా ఇప్పుడు."

నాన్న ముందుకి రెండడుగులు వేసి ఆగాడు.

"వచ్చే ఆదివారం కూడా వెళ్తావా ఆ గుడికి?"

"వెళ్తాను."

"ఎందుకూ?"

"ఎక్కడికి వెళ్ళమంటావే మరి? ఊళ్ళోకా?"

అమ్మ ఆ తర్వాత గుడి గడప తొక్కలేదు. నాన్న ఒక్క ఆదివారం మానలేదు. వెనక గోడకి ఆనుకుని కూర్చునేవాడు. వాక్యం వినేవాడు, ప్రార్థనకి లేచి నిలబడేవాడు, ఇంటి దగ్గర కూడా కళ్ళు మూసుకుని ఏదో చెప్పుకునేవాడు. ఆయన దేవుణ్ణి వదల్లేదు, అది నిజం. గొప్ప విశ్వాసి అనే వేసుకోమను. కానీ ఆ క్రిస్మస్ నుంచి పోయేదాకా గుళ్ళో ఒక్క పాటకి నోరు విప్పలేదని కూడా వెయ్యమను. అది మేం వెయ్యం అంటే, ఆ మొదటి ముక్కా వద్దని చెప్పు.