చేని కూన

నాకు ప్రాస పిచ్చి. ఆ పిచ్చి ఒక మనిషి ప్రాణం మీదికి తెస్తుందని ఊహించలేకపోయిన తెలివితక్కువతనం కూడా నాదే. కరోనా తగ్గిన మరుసటి ఏడాది, పత్తి ఏరే కాలం. ఆసిఫాబాద్‌లో పశువుల డాక్టరుగా పనిచేస్తున్నాను.

బియ్యం బస్తాలను ఎలుకలు కొరుకుతున్నాయని కిరాణా షాపు రాజమల్లు సలహాకు వచ్చాడు. భారీ మనిషి. అతనికంటే ముందు అతని పొట్ట గదిలోకి వస్తుంది.

"పిల్లిని ఏడికెల్లి తేవాలె సారు? కరీంనగర్ల బొచ్చు పిల్లులు అమ్ముతున్నరట."

వాటికి జుట్టు దువ్వడానికే పొద్దు చాలదని చెప్పి ఊరుకోవచ్చు. ఊరుకోలేదు. "కొనే కూన వద్దు, చేని కూన ముద్దు" అన్నాను. చేల వెంట తిరిగే ఊరిపిల్లి పిల్లయితే ఎలుకలను బాగా పడుతుందని నా ఉద్దేశం.

వారం తిరగకముందే అట్టపెట్టెతో వచ్చాడు. "మీరు జెప్పినట్టే చేన్ల దొరికింది సారు. పొద్దుగాల మా బామ్మర్ది తెచ్చిండు. జర సూది ఎయ్యుండ్రి."

సూది అంటే వ్యాక్సిన్. పెట్టె మీద తువ్వాలు తీశాను. ఒళ్లంతా నల్ల మచ్చలు, ఆ వయసు పిల్లికి ఉండకూడనంత లావు పంజాలు. కూన అన్నానే గాని ఎవరి కూనో చెప్పలేదు. అది చిరుత కూన.

"చేన్లో ఇప్పుడు ఎవరున్నారు?"

"మా లచ్చవ్వ పత్తి ఏరుతుంది. ఎందుకు సారు?"

లచ్చవ్వ అతని భార్య. పిల్ల పోయిన చిరుత, పిల్లను వదిలిన చోటుకే తిరిగి వస్తుందని చెప్పాను. ఫోన్ చేశాడు. మోగింది, ఎత్తలేదు. మళ్లీ చేశాడు.

"ఫోను గట్టు మీద సంచిల వెడతది సారు."

ఫారెస్టు గార్డును ఎక్కించుకుని జీపులో బయలుదేరాం. ఒళ్లోని పెట్టెలో అది సన్నగా అరిచినప్పుడల్లా తువ్వాలు సరిచేసి కప్పాను.

చేను చివర వాగు, పొదలు. వాటికి వీపు పెట్టి లచ్చవ్వ వంగి పత్తి ఏరుతోంది. గాలి లేదు. ఆమె వెనక ఒక్క పొద మాత్రం కదిలింది.

"మొత్తుకోకుండ్రి," గార్డు గుసగుసలాడాడు. "ఆమె ఉరికితే అది ఎంబడి వడ్తది. మెల్లగ పిలువు."

రాజమల్లు మెల్లగా పిలిచాడు. "ఏమే, బువ్వ తిందాం రా."

"గిప్పుడా? షాపు ఎవనికి అప్పజెప్పి వచ్చినవ్?"

"జర రారాదే."

"గీ సాలు అయిపోనియ్యి."

అంత పొడుగు పత్తి సాలును నేను జన్మలో చూడలేదు. సణుగుతూ, ఒక్కో చెట్టూ ఏరుకుంటూ ఆమె మా దాకా వచ్చింది. జీపు ఎక్కించాక నా ప్రాసతో సహా సంగతి చెప్పాం. మొగుణ్ని వదిలేసి నన్ను చూసింది. ఆ చూపు కంటే చిరుతే నయమనిపించింది.

గార్డు గ్లౌజులు తొడుక్కుని, కూనను దొరికిన చోటే పెట్టెలో ఉంచాడు. తల్లీపిల్లలను ఇలా కలపడాన్ని రీయూనియన్ అంటారు. తల్లి వచ్చి తీసుకుపోయేదాకా మనుషులు ఆ దిక్కుకు పోకూడదు. మర్నాడు పెట్టె ఖాళీ. చుట్టూ పెద్ద పంజా గుర్తులు. అవి లచ్చవ్వ ఏరిన చివరి సాలు దాకా ఉన్నాయి.

అప్పటినుంచి పిల్లిని ఎక్కడినుంచి తెచ్చుకోవాలని ఎవరడిగినా ప్రాస లేకుండా చెబుతున్నాను. తల్లిని మీ కళ్లతో చూసిన చోటునుంచే తెచ్చుకోండి.

రాజమల్లు మాత్రం బజారంతా నన్ను 'చిరుత డాక్టర్'ను చేశాడు. మా ఆసుపత్రి గోదాములో ఈనిన పిల్లిని చూపించి, దాని పిల్లనొకదాన్ని అతనికిచ్చాను. టీకా కార్డులో దాని పేరు నేనే రాశాను. మా దగ్గర పెంపుడు జంతువు పేరుకు యజమాని పేరు కలిపి పిలుస్తారు. ఏటా సూది రోజున, నిండు వరండాలో కాంపౌండర్ గొంతెత్తి పిలుస్తాడు.

"కూన రాజమల్లు."

ముందు పొట్ట లేస్తుంది.