అవ్వ అంటే ఎవరు

జూన్‌లో బోర్డింగు బడి తెరవగానే కొత్తగా చేరిన ఆడపిల్లలు గేటు దగ్గర దిగుతారు. ఒక చేతిలో ట్రంకుపెట్టె, ఇంకో చేతిలో తల్లి కొంగు. పెట్టె వదలమంటే వదులుతారు గాని కొంగు మాత్రం వదలరు. ఆ పిడికిలి విప్పి పిల్లను లోపలికి తీసుకుపోయే పని ఆయా సువార్తది. విప్పే ముందు ప్రతి పిల్లనూ ఒకే మాట అడుగుతుంది. పేరు అడగదు, ఊరు అడగదు, ఏ తరగతో కూడా అడగదు.

"ఇంట్ల మీ తల్లిని ఏమని పిలుస్తవు బిడ్డా?"

ఏడుపు మధ్యలో ఆ పిల్ల అవ్వ అనో అమ్మ అనో ఏదో ఒకటి అంటుంది. సువార్త వెంటనే వార్డెను గదిలోకి పోయి, ఫలానా పిల్ల కన్నతల్లిని అవ్వ అంటదట, యాది పెట్టుకోండ్రి అని చెప్పి వస్తుంది. వార్డెనమ్మ సరేనంటుంది. వంటమనుషులు ఒకరినొకరు చూసుకుని నవ్వుకుంటారు. నవ్వుకోనీ. నిండా ఇరవై ఏళ్ళు లేని మనిషికి ఈ చాదస్తం ఎలా అంటుకుందో వాళ్ళకేం తెలుసు!

సువార్త కూడా ఈ గేటు దగ్గర దిగిన పిల్లే. ఏడో తరగతి రెండుసార్లు తప్పింది. లేపి నిలబెట్టి ప్రశ్న అడిగితే బొమ్మలా నిలబడేది తప్ప పెదవి కదిపేది కాదు. పంతులమ్మలు విసిగి వదిలేశారు, చివరికి వంటింట్లో పనికి పెట్టారు. తెలివి లేక కాదు. ఆరో తరగతిలో తెలుగులో ఆ పిల్లను మించినవాళ్ళు లేరు. అసలు కొంప మునిగింది ఆ తెలివివల్లనే.

అది డెబ్బై ఒకటో సంవత్సరం. సువార్త తండ్రి మార్కు గోదావరిఖనిలో బొగ్గుబాయిలో తట్టతో బొగ్గెత్తి టబ్బులు నింపే కూలీ. బాయికి కూతవేటు దూరంలో గుడిసె. అందులో మార్కు, అతని తల్లి పోశవ్వ, భార్య సారవ్వ, ఒక్కగానొక్క పిల్ల సువార్త. సువార్త తండ్రిని బాపు అనేది, నాయనమ్మను బాపమ్మ అనేది. తల్లిని, ఆ వాడలో పిల్లలందరిలాగే, అవ్వ అనేది. అక్కడ అవ్వ అంటే కన్నతల్లి. ఆ మాటకు ఇంకో అర్థం ఉందని ఆ వాడలో ఎవరూ ఎరగరు.

గోదావరి దాటితే మంచిర్యాల వైపు ఆడపిల్లల మిషన్ బోర్డింగు ఉందని, బాయి పనివాళ్ళ పిల్లల్ని చేర్చుకుంటారని చర్చి గుడిలో అయ్యగారు చెప్పినప్పుడు మార్కు వద్దన్నాడు. పట్టుబట్టింది సారవ్వే. ఆమెకు ఒక్క అక్షరం రాదు. పిల్ల పోతే కడుపు కోసుకున్నట్టే అయినా, గుండె రాయి చేసుకుని పంపింది.

బోర్డింగులో తెల్లవారకముందే గంట. లేచి బావి దగ్గర వరసలో నిలబడాలి, చన్నీళ్ళు పోసుకోవాలి, ప్రార్థనకు కూర్చోవాలి. తర్వాత గోధుమరవ్వ. పొద్దున అదే, సాయంత్రం అదే. విదేశాల నుంచి బస్తాల్లో వచ్చేదట, ఆ దేశం వాళ్ళు ఎలా తింటారో గాని సత్తు పళ్ళెంలో వేస్తే గోడకు పూసే సున్నంలా అంటుకుపోయేది. పక్కన ఇంత పచ్చడి పడితేనే గొంతు దిగేది. ఆ పచ్చడి మీదే వార్డెను రత్నమణి టీచరు పెత్తనమంతా నడిచేది.

రత్నమణి టీచరుది తెనాలి దగ్గర. చెడ్డమనిషి కాదు. జ్వరం వస్తే పక్కన కూర్చుని తడిగుడ్డ వేసేది, పేలు పడితే కిరసనాయిలు తనే రాసేది. కాకపోతే తను మాట్లాడేదే తెలుగు, మిగతాదంతా యాస అని ఆమె నమ్మకం. పిల్లల నోళ్ళు శుభ్రం చేయడం కూడా పేలు తీయడంలాంటి పుణ్యకార్యమే అనుకుంది. అందుకో నియమం పెట్టింది: ఇంటి మాట నోటివెంట వస్తే ఆ పూట పచ్చడి లేదు.

మొదటిరోజే సువార్త పళ్ళెం చాపి, "టీచర్, జెర తొక్కు ఎయ్యుండ్రి" అంది.

"తొక్కా? తొక్క నీకెందుకమ్మా?" అంది టీచరు. పాతపిల్లలు పగలబడి నవ్వారు. పచ్చడిని పచ్చడి అననందుకు సువార్తకు పచ్చడి దక్కలేదు.

రెండోరోజు ఏడుస్తూ, "మా అవ్వ యాదికొస్తుంది" అంది. ఈసారి టీచరు దగ్గరకు తీసుకుని, నెమ్మదిగానే చెప్పింది. "అవ్వ అంటే ముసలావిడ తల్లీ. మీ నాయనమ్మని అవ్వ అనాలి. నిన్ను కన్న ఆవిడని అమ్మ అనాలి. కన్నతల్లిని పట్టుకుని ముసలిదంటావా? తప్పు కదూ?" దగ్గరకు తీసుకుంది గాని పచ్చడి మాత్రం ఇవ్వలేదు.

ఆకలి గొప్ప పంతులు. నెల తిరిగేసరికి సువార్తకు పొద్దుగాల పోయి ఉదయం వచ్చింది, మాపటికి పోయి సాయంత్రం వచ్చింది. మనసులో తల్లిని తలచుకున్నప్పుడు కూడా అమ్మ అనే తలచుకోవడం నేర్చుకుంది. పక్క పిల్ల నోరు జారితే ఈమె దిద్దేది. రత్నమణి టీచరు ఆ పిల్లను అందరికీ చూపించి మురిసిపోయేది.

క్రిస్మస్ సెలవులకు ఇంటికి పోయింది. సారవ్వ గుడిసె ముందు వంగి గిన్నెలు తోముతోంది. సువార్త వెనకనుంచి "అమ్మా!" అని పిలిచింది. సారవ్వ తిరగలేదు. ఎవరి పిల్లో ఎవరినో పిలుస్తోందనుకుంది. మళ్ళీ పిలిస్తే తిరిగి చూసి, బూడిద చేతులతోనే పిల్లను వాటేసుకుంది. తర్వాత అడిగింది.

"ఎవలను పిలుస్తున్నవే?"

"నిన్నే. అవ్వ అనొద్దట. అవ్వ అంటే ముసలామెనట."

సారవ్వ నవ్వింది. నవ్వుతూనే ఆమె మొహం చిన్నబోయింది. "నేనేమన్న దొరసాన్ననా అమ్మ అననీకి? ఎవలనో పరాయిదాన్ని పిలిసినట్టున్నది. నన్ను అవ్వ అంటెనే పలుకుత. అమ్మంటె పలుకనే పలుక, సూడు మరి."

ఆ సెలవులంతా అదో ఆట అయింది. పిల్ల నోరు జారి అమ్మా అంటే సారవ్వ చెవిటిదానిలా కూర్చునేది. నాలుక కరుచుకుని అవ్వా అంటే, ఓయ్ అని వాడంతా వినపడేలా పలికేది. పోశవ్వ ధ్యాస ఈ ఆట మీద లేదు. కోడలి కండ్లు పచ్చబడుతున్నాయని ఆమె గమనించింది, పసరు పోయించుకొమ్మని పోరింది. సారవ్వ వినలేదు.

తిరిగి పోయే రోజు రామగుండం స్టేషన్‌లో సారవ్వ పిల్ల చెయ్యి పట్టుకుంది. "నాకు పాణం మంచిగ లేకుంటె కబురు తోలుత. ఎంత సదువున్నగని ఇడిసిపెట్టి రావాలె. వస్తవా?"

"వస్త అవ్వ."

బోర్డింగు పిల్లల్ని తీసుకుపోవడానికి ఒక టీచరు వచ్చింది. రైలు కదిలేటప్పుడు సువార్త కిటికీలోంచి చెయ్యి బయటపెట్టింది. టీచరు పక్కనే ఉంది. ఆ పిల్ల నోటికి అలవాటైన మాటే వచ్చింది. "అమ్మా, వెళ్ళొస్తా!" అని అరిచింది. సారవ్వ మాట మీద నిలబడింది. పలకలేదు. నవ్వు ఆపుకుంటూ మొహం పక్కకు తిప్పుకుంది. సువార్త నాలుక కరుచుకుని అవ్వా అనేలోపు ప్లాట్‌ఫారం దాటిపోయింది.

ఏప్రిల్‌లో, ఎండలు మండిపోతుండగా, గట్టయ్య వచ్చాడు. మార్కుతో ఒకే షిఫ్టులో పనిచేసే మనిషి, పక్క గుడిసె. భార్య మంచం పక్కనుంచి కదల్లేక మార్కు ఇతణ్ణి పంపాడు. గట్టయ్య చెప్పులు గేటు బయటే విడిచి, వరండా కింద ఎండలో నిలబడి చేతులు కట్టుకున్నాడు.

"ఖనికెల్లి వస్తున్నమ్మ. మా మార్కన్న బిడ్డ సువార్త ఈడ సదువుతది. వాళ్ళ అవ్వకు పాణం మంచిగ లేదు. దవాఖానల ఏసిన్రు. పిల్లను జెర తోలియ్యమన్నడు అన్న."

"అవ్వకా? అయ్యో పాపం. ఏవిటి జబ్బు?"

"పసిరికలమ్మ. పిల్లను సూడాలె, పిల్లను సూడాలె అని ఒకటే కలవరిస్తున్నది."

కామెర్లను అక్కడ పసిరికలంటారని రత్నమణి టీచరుకు తెలియదు. ముసలివాళ్ళకు వచ్చేదేదో అనుకుంది, మళ్ళీ అడగలేదు. "పెద్దవాళ్ళన్నాక ఏదో ఒకటి ఉంటూనే ఉంటుంది కదండీ. సోమవారం నుంచి పిల్లలకి పరీక్షలు. ఇలాంటి వాటికి సెలవివ్వటానికి రూలు ఒప్పుకోదు" అంది.

తల్లికో తండ్రికో బాగోలేకపోతే ఆ క్షణమే పంపించాలన్నది కూడా అదే రూలు. ఆ సగం ఆమె చెప్పలేదు. నాయనమ్మ సంగతికి అదెందుకని చెప్పలేదు. గట్టయ్య అడగలేదు. బాయిలో రూలు అన్నారంటే కూలీ మనిషి నోరు మూసుకుని వెనక్కి తిరగాల్సిందే. ఇన్నేళ్ళుగా అలాగే తిరిగాడు, ఆరోజూ తిరిగాడు. సంగతి బయటపడ్డాక టీచరు కళ్ళనీళ్ళు పెట్టుకుని, "మరి అమ్మ అని చెప్పొచ్చు కదా ఆయన!" అంది. ఎలా చెబుతాడు? అతను చెప్పాడు. తన నోట ఉన్న మాటతో, ఆ జిల్లా జిల్లా అంతా తల్లిని పిలిచే మాటతో చెప్పాడు. వినాల్సినవాళ్ళకు ఆ మాట రాకపోతే అతని తప్పా?

"పిల్లకన్న చెప్పుండ్రి అమ్మ" అని మాత్రం అడిగి, చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

టీచరు చెప్పింది కూడా. భోజనాల దగ్గర సువార్త భుజం మీద చెయ్యి వేసి, "మీ అవ్వకి ఒంట్లో బాగాలేదటమ్మా. మీ ఊరాయన వచ్చి చెప్పి వెళ్ళాడు. తగ్గిపోతుందిలే. పరీక్షలు రాసుకుని వెళ్దువుగాని" అంది.

ఆ మాట ముందు గుండెలో దిగింది. పిల్ల చేతిలో ముద్ద చేతిలోనే ఉంది. ఒక్క లిప్త ఆమెకు సారవ్వ కనపడింది, పచ్చటి కండ్లు కనపడ్డాయి. ఆ వెంటనే, నేర్చుకున్న పాఠం అడ్డం వచ్చింది. ఇక్కడ అవ్వ అంటే అమ్మ కాదు గదా. టీచరు ఎప్పుడైనా తప్పు మాట్లాడుతుందా? అవ్వ అంటే బాపమ్మ. బాపమ్మకు బాగాలేదన్నమాట. పాపం, ముసలిదైపోయింది. ఏ అవ్వ అని ఒక్క మాట అడుగుదామని పెదవి దాకా వచ్చింది. ఎదురుగా పళ్ళెంలో పచ్చడి ఉంది. ఆ మాట పలికితే తీసేస్తారేమోనని భయపడి ముద్ద మింగేసింది.

ఏం చెప్పాలి దీన్ని! పదకొండేళ్ళ పిల్ల. తిండికి భయపడింది.

ఆ సాయంత్రం ప్రార్థనలో పిల్లలందరి చేతా సువార్త వాళ్ళ అవ్వ కోసం మొక్కించారు. సువార్త కళ్ళు మూసుకుని, ప్రభువా, మా బాపమ్మను బాగుచెయ్యి అని శ్రద్ధగా అడిగింది. పరీక్షలు బాగా రాసింది. తెలుగు పేపరు దిద్దిన పంతులమ్మ ఒక్క తప్పూ లేదని మెచ్చుకుంది. వెళ్ళే రోజు టీచరు ఒక పొట్లం పాలపొడి చేతిలో పెట్టి, మీ అవ్వకి వేణ్ణీళ్ళలో కలిపి ఇవ్వమంది.

రామగుండంలో మార్కు రాలేదు. వాడలోని ఇంకో పిల్ల తండ్రి ఇద్దర్నీ బస్సెక్కించి తీసుకొచ్చాడు. దారిలో అతనేమీ మాట్లాడలేదు. సంగతంతా పిల్లకు తెలుసనుకున్నాడు. వాడంతా అలాగే అనుకుంది. గట్టయ్య పోయి చెప్పి వచ్చాడు కదా, ఆ తర్వాతి కబురు కూడా ఎవరో ఒకరు చేరవేసే ఉంటారు, పరీక్షలని రాలేదు కదా అనుకుంది.

గుడిసె ముందు నులక మంచంలో పోశవ్వ కూర్చుని ఉంది. బక్కచిక్కిందే గాని బతికి ఉంది. సువార్తకు ప్రాణం లేచొచ్చింది. పెట్టె అక్కడే పడేసి పరుగెత్తింది. ఆ సంతోషంలో ఇంటి భాష తిరిగొచ్చింది.

"బాపమ్మా! మంచిగైందా నీకు? పాలపొడి తెచ్చిన. ఏన్నీళ్ళల్ల కలుపుకొని తాగాలె నువ్వు."

పోశవ్వ ఆ పొట్లం వంక, పిల్ల వంక చూసింది. "నాకేమైందే?"

"గట్టయ్య కాక వచ్చి చెప్పిండట గద, అవ్వకు బాగలేదని..."

ఆ మాట ఆమె నోట్లోంచే వచ్చింది, ఆమె గుడిసె ముందే వచ్చింది. అక్కడ ఆ మాటకు ఒకటే అర్థం. పొట్లం చేతిలోంచి జారి మంచం కింద పడింది. సువార్త గుడిసెలోకి చూసింది. పొయ్యి ఆరిపోయి ఉంది. దండెం మీద బాపు అంగీ ఒక్కటే ఉంది.

"బాపమ్మా... అవ్వ ఏది?"

పోశవ్వకు అప్పుడు అర్థమైంది, పిల్లకు ఏమీ తెలియదని. మంచం దిగి, నేల మీద కూలబడి, పిల్లను ఒళ్ళోకి లాక్కుంది.

"మట్టిల పెట్టి వస్తిమి గదనే బిడ్డా. ఎండల ఉంచరాదన్నరు. నీ కోసమే సూసింది. పాణం పోయేదాక తల్పు దిక్కే సూసింది. 'నేను పలుకనన్న గదా అత్త, గందుకే కోపమొచ్చి వస్తలేదు నా బిడ్డ. అమ్మ అన్న పలుకుతనని చెప్పుండ్రి. ఏమన్న అననియ్యి, ఒక్కసారి పిలువుమనుండ్రి' అన్నదే."

సువార్త ఒళ్ళోంచి లేచింది. గుమ్మంలోకి పోయి నిలబడి, ఖాళీ గుడిసెలోకి పిలిచింది. ముందు అవ్వా అని పిలిచింది. కాసేపు ఆగి, అమ్మా అని పిలిచింది.